రోగికి రక్తం ఎక్కించాలన్నప్పుడు: గ్రూపు సరిచూసుకోవడం నుంచి బ్యాగ్ తనిఖీ వరకు ఏం చేయాలి?

"మా నాన్నగారిది బి పాజిటివ్, నాది ఓ పాజిటివ్. నా రక్తం ఆయనకు ఎక్కించవచ్చా?" అనే ప్రశ్నను పాఠకులు ఏదో ఒక రూపంలో అడుగుతూనే ఉన్నారు. గ్రూపుల వరకే చూస్తే ఓ పాజిటివ్ ఎర్ర రక్తకణాలు బి పాజిటివ్ రోగికి సరిపోతాయి. అయినా కొడుకు రక్తాన్ని నేరుగా తండ్రికి ఎక్కించకపోవడమే మంచిది. కారణం 5వ దశలో ఉంది.

రక్తమార్పిడిలో ప్రాణం మీదికి తెచ్చే పొరపాట్లలో చాలా వరకు గ్రూపుల పట్టిక తెలియక జరిగేవి కావు. ఒకరి శాంపిల్ మీద మరొకరి పేరు రాయడం వల్లనో, ఒకరి కోసం వచ్చిన బ్యాగ్ పక్క మంచం రోగికి తగిలించడం వల్లనో జరుగుతాయి. వీటిని ఆపడంలో ఆసుపత్రి సిబ్బందికి ఎంత బాధ్యత ఉందో, మంచం పక్కన కూర్చున్న అటెండెంట్‌కు అంత అవకాశం ఉంది. అందుకే కింద పట్టిక కంటే పేరు, నంబరు, లేబుల్ గురించే ఎక్కువ రాశాను.

సిద్ధంగా ఉంచుకోవలసినవి

- వైద్యుడు సంతకం చేసిన రిక్వెస్ట్ ఫారం. అందులో రోగి పూర్తి పేరు, వయసు, ఐపీ నంబరు (ఆసుపత్రిలో చేరినప్పుడు ఇచ్చే నంబరు), వార్డు, కావలసిన రక్తభాగం, ఎన్ని యూనిట్లు, ఎప్పటికి కావాలి అనే వివరాలన్నీ ఉండాలి.
- రోగి రక్తపు శాంపిల్. దీనిని ఆసుపత్రి సిబ్బందే తీసి, లేబుల్ వేసి ఇస్తారు.
- రోగి పాత వివరాలు: ఇంతకు ముందు రక్తం ఎక్కించారా, ఎప్పుడు, అప్పుడు చలిజ్వరం గానీ దద్దుర్లు గానీ వచ్చాయా, స్త్రీ అయితే ఎన్ని కాన్పులు, గర్భస్రావాలు ఏమైనా జరిగాయా.
- రక్తదానానికి రాగల ఇద్దరు ముగ్గురు ఆరోగ్యవంతులు, వారి ఫొటో గుర్తింపు కార్డులు.

పాత వివరాలను చాలామంది అనవసరమనుకొని చెప్పరు. గతంలో రక్తం ఎక్కించుకున్నవారిలోనూ, గర్భం దాల్చిన స్త్రీలలోనూ ఇతరుల ఎర్రకణాలకు వ్యతిరేకంగా ప్రతిరక్షకాలు (యాంటీబాడీలు) ఏర్పడి ఉండవచ్చు. అలాంటప్పుడు గ్రూపు సరిపోయినా బ్యాగ్ సరిపోకపోవచ్చు, సరిపోయే యూనిట్ వెతకడానికి గంటలు, ఒక్కొక్కసారి రోజులు పట్టవచ్చు. ముందుగా చెబితే ఆ వెతుకులాట ముందుగానే మొదలవుతుంది.

1. ఏ భాగం కావాలో మొదట అడగండి

"రక్తం కావాలి" అన్న మాటతో బ్లడ్ సెంటర్‌కు పరుగెత్తకండి. దానం చేసిన రక్తాన్ని సాధారణంగా ఎర్రకణాలు, ప్లాస్మా, ప్లేట్‌లెట్లుగా విడదీసి నిల్వ చేస్తారు. రక్తహీనతకు, శస్త్రచికిత్సకు ఎక్కువగా అడిగేది ఎర్రకణాలు, అంటే ప్యాక్డ్ సెల్స్. డెంగీ జ్వరంలోనూ, కీమోథెరపీ తరువాతా అడిగేది ప్లేట్‌లెట్లు. కాలేయం దెబ్బతిని రక్తం గడ్డకట్టని స్థితిలో ప్లాస్మా కావలసి రావచ్చు. ఎర్రకణాలకు, ప్లాస్మాకు గ్రూపు సరిపోయే నియమం తలకిందులుగా ఉంటుంది కనుక, ఏ భాగమో తెలియకుండా వెళితే వట్టి చేతులతో తిరిగి రావలసి వస్తుంది.

2. కాగితం మీది గ్రూపును తుది మాటగా తీసుకోకండి

పాఠశాల గుర్తింపు కార్డు, డ్రైవింగ్ లైసెన్సు, పాత చీటీ, ఇంట్లోవారి జ్ఞాపకం, వీటిలో ఏదీ రక్తం ఎక్కించడానికి ఆధారం కాదు. చాలా కార్డుల మీద గ్రూపును మనం చెప్పినదే రాసుకుంటారు. శిబిరాలలో అద్దపు పలక మీద ఒక చుక్కతో చేసే పరీక్ష త్వరగా అయిపోతుంది గానీ తప్పే అవకాశం ఎక్కువ. బ్లడ్ సెంటర్‌లో రెండు వైపుల నుంచి పరీక్షిస్తారు: ఎర్రకణాల మీద ఏ ప్రతిజనకాలు (గ్రూపును నిర్ణయించే యాంటిజెన్‌లు) ఉన్నాయో ఒకసారి, ప్లాస్మాలో ఏ ప్రతిరక్షకాలు ఉన్నాయో మరోసారి. రెండూ ఒకే జవాబు ఇస్తేనే గ్రూపు ఖాయమవుతుంది.

పుట్టినప్పుడు రాసిన గ్రూపు విషయంలో ప్రత్యేకంగా జాగ్రత్త పడండి. శిశువు సొంత ప్రతిరక్షకాలు నాలుగు నుంచి ఆరు నెలల వయసులో గానీ తయారు కావు కనుక, అప్పట్లో రెండో వైపు పరీక్షకు అవకాశం ఉండదు. బిడ్డ పెద్దయ్యాక మళ్లీ పరీక్ష చేయించి రాసుకోండి.

ఒక చోట పాజిటివ్ అనీ, మరో చోట నెగటివ్ అనీ వచ్చి కంగారు పడేవారు కూడా ఉన్నారు. పాజిటివ్, నెగటివ్‌లను నిర్ణయించే ఆర్‌హెచ్ (డి) ప్రతిజనకం బలహీనంగా ఉన్న కొందరిలో ఇలా జరుగుతుంది. అలాంటి వ్యక్తి దాతగా వస్తే పాజిటివ్‌గానూ, రోగిగా వస్తే సాధారణంగా నెగటివ్‌గానూ పరిగణిస్తారు. ఇది ప్రయోగశాల తప్పిదం కాకపోవచ్చు. రెండు రిపోర్టులూ దాచి ఉంచి వైద్యుడికి చూపించండి.

3. శాంపిల్ తీసేటప్పుడు మంచం పక్కనే ఉండండి

నా దృష్టిలో మొత్తం పనిలో ఇదే అతి ముఖ్యమైన దశ, అందరూ తేలికగా తీసుకునేదీ ఇదే. శాంపిల్ తీసేవారు రోగిని "మీ పేరేమిటి?" అని అడగాలి, రోగి నోటితో పూర్తి పేరు చెప్పాలి. "మీరు లక్ష్మి గారేనా?" అని అడిగితే, మగతలో ఉన్న రోగి ఏ పేరుకైనా తల ఊపవచ్చు. ఒకే వార్డులో ఇద్దరు లక్ష్ములు, ఇద్దరు వెంకటేశ్వర్లు ఉండటం మన దగ్గర వింత కాదు. రోగి మాట్లాడలేని స్థితిలో ఉంటే మీరు పేరు చెప్పి, చేతి పట్టీ మీది నంబరుతో సరిచూడమని కోరండి.

ట్యూబ్ మీద లేబుల్‌ను శాంపిల్ తీసిన వెంటనే, మంచం దగ్గరే రాయాలి. ముందుగా పేర్లు రాసి పెట్టుకున్న ట్యూబ్‌లలోకి రక్తం తీయడమూ, ఖాళీ లేబుల్ ట్యూబ్‌లను గుత్తగా నర్సుల గదికి తీసుకువెళ్లి అక్కడ రాయడమూ ప్రమాదకరమైన అలవాట్లు. ట్యూబ్ మీద, ఫారం మీద ఉన్న పేరు, ఐపీ నంబరు అక్షరం అక్షరం ఒకటేనా అని చదవండి. ఇంటిపేరు ఒక చోట ఉండి మరో చోట లేకపోయినా బ్లడ్ సెంటర్ శాంపిల్‌ను తిప్పి పంపవచ్చు, అలా పంపడమే సరైన పని. "చిన్న తేడాయే కదా" అని అక్కడ వాదించకండి, దిద్దించుకుని రండి.

రోగికి గత మూడు నెలల్లో రక్తం ఎక్కించి ఉన్నా, గర్భం ఉన్నా, తీసిన శాంపిల్ మూడు రోజుల వరకే పనికి వస్తుంది. ఆ తరువాత మరో యూనిట్ కావాలంటే కొత్త శాంపిల్ ఇవ్వాలి. ఇంకోసారి సూది గుచ్చుతున్నారని అభ్యంతరం చెప్పకండి.

4. ఎవరి రక్తం ఎవరికి సరిపోతుందో ఇలా చూడండి

కార్ల్ లాండ్‌స్టైనర్ 1901లో ప్రకటించిన విభజనే నేటికీ ఆధారం. ఎర్రకణం మీద ఎ గానీ బి గానీ ప్రతిజనకం ఉంటే ఆ గ్రూపు, రెండూ ఉంటే ఏబీ, రెండూ లేకపోతే ఓ. తన దగ్గర లేని ప్రతిజనకానికి ప్లాస్మాలో ప్రతిరక్షకం ఉంటుంది.

ఎర్రకణాలు ఎక్కించేటప్పుడు:

- ఓ రోగికి ఓ మాత్రమే.
- ఎ రోగికి ఎ, లేకపోతే ఓ.
- బి రోగికి బి, లేకపోతే ఓ.
- ఏబీ రోగికి ఏబీ, లేకపోతే ఎ, బి, ఓ ఏదైనా.

దీనికి ఆర్‌హెచ్‌ను జోడించండి. నెగటివ్ ఎర్రకణాలను నెగటివ్ రోగికీ, పాజిటివ్ రోగికీ ఇవ్వవచ్చు. పాజిటివ్‌ను పాజిటివ్ రోగికే ఇవ్వాలి. ప్రాణాపాయంలో నెగటివ్ దొరకనప్పుడు పురుషులకు, కాన్పుల వయసు దాటిన స్త్రీలకు వైద్యులు పాజిటివ్ ఇచ్చే నిర్ణయం తీసుకోవచ్చు. బాలికల విషయంలోనూ, పిల్లలు కలిగే వయసు స్త్రీల విషయంలోనూ ఆ నిర్ణయాన్ని ఎంతో ఆలోచించి గానీ తీసుకోరు, ఎందుకంటే అప్పుడు ఏర్పడే ప్రతిరక్షకాలు తరువాతి గర్భంలోని బిడ్డ ఎర్రకణాలను నాశనం చేయగలవు.

ప్లాస్మా ఎక్కించేటప్పుడు ఏబీ దాత ప్లాస్మా అందరికీ సరిపోతుంది. ఓ దాత ప్లాస్మా ఓ రోగికి మాత్రమే సరిపోతుంది. "ఓ గ్రూపు అందరికీ ఇవ్వవచ్చు" అన్న మాటను ఎర్రకణాలకే పరిమితం చేసి గుర్తుంచుకోండి. విడదీయని ఓ రక్తంలో ఎ, బి రెండింటికీ వ్యతిరేకమైన ప్రతిరక్షకాలు ఉంటాయి కనుక విడదీయని రక్తాన్ని అదే గ్రూపు రోగికి ఇస్తారు.

ఒక హెచ్చరిక. పరీక్షలో ఓ అని తేలిన రోగికి ఏ ఓ యూనిట్ కలిపి చూసినా సరిపోవడం లేదని చెబితే బాంబే గ్రూపును అనుమానించాలి. 1952లో డాక్టర్ వై.ఎం. భెండే బృందం బొంబాయిలో గుర్తించిన ఈ గ్రూపు వారికి ఓ గ్రూపులో కూడా ఉండే హెచ్ ప్రతిజనకం ఉండదు. వీరికి బాంబే గ్రూపు దాత రక్తం మాత్రమే పనికి వస్తుంది. వీరు చాలా అరుదు కనుక, తోబుట్టువులకు వెంటనే పరీక్ష చేయించమనీ, అరుదైన దాతల జాబితాలో వెతకమనీ బ్లడ్ సెంటర్ వైద్యుడిని అడగండి.

5. దాతలను సిద్ధం చేయండి

దాత వయసు 18 నుంచి 65 సంవత్సరాలు, బరువు కనీసం 45 కిలోలు, హీమోగ్లోబిన్ కనీసం 12.5 గ్రాములు ఉండాలి. 450 మి.లీ. తీయాలంటే బరువు 55 కిలోలు దాటాలి. పురుషులు 90 రోజులకు, స్త్రీలు 120 రోజులకు ఒకసారి ఇవ్వవచ్చు. మలేరియా తగ్గి మూడు నెలలు కానివారు, పచ్చబొట్టు వేయించుకుని ఏడాది కానివారు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు ఇవ్వరాదు. దాతను ఖాళీ కడుపుతో తీసుకురావద్దు, మద్యం తాగి ఉన్నవారిని అసలు తీసుకురావద్దు.

మీ దాత గ్రూపు, రోగి గ్రూపు ఒకటే కావాలన్న నియమం సాధారణంగా లేదు. రీప్లేస్‌మెంట్ అంటే మీరు తీసుకున్న యూనిట్‌కు బదులుగా నిల్వలోకి మరో యూనిట్ చేర్చడం. అందుకని బి నెగటివ్ రోగి కోసం వచ్చిన ఎ పాజిటివ్ మిత్రుడిని వెనక్కి పంపకండి. గ్రూపు సరిపోలేదని ఎంతోమందిని ఇళ్లకు పంపేసి, ఊరంతా సందేశాలు పంపడం రోజూ జరిగే పొరపాటు.

ఇక రక్తసంబంధీకుల సంగతి. తండ్రి, తల్లి, తోబుట్టువులు, పిల్లల రక్తాన్ని నేరుగా రోగికి ఎక్కిస్తే, దాత తెల్లకణాలు రోగి శరీరంలో నిలదొక్కుకుని రోగి కణజాలంపైనే దాడి చేసే అరుదైన పరిస్థితి తలెత్తవచ్చు. జన్యు సారూప్యం వల్ల రోగి శరీరం వాటిని పరాయివిగా గుర్తించదు. ఇది వస్తే దాదాపు ఎప్పుడూ ప్రాణాంతకమే. తప్పనిసరి అయితే ఆ యూనిట్‌ను రేడియేషన్‌తో శుద్ధి చేసి ఇస్తారు, ఆ సదుపాయం అన్ని చోట్లా ఉండదు. మీరు ఇచ్చే రక్తం నిల్వలోకి వెళ్లి మరొకరికి ఉపయోగపడనివ్వండి, మీ నాన్నగారికి నిల్వలోని యూనిట్ తీసుకోండి. అదే విధంగా, పిల్లలు కలిగే వయసులో ఉన్న భార్యకు భర్త రక్తం ఎక్కించకూడదు. తరువాతి గర్భంలో బిడ్డకు ముప్పు తెచ్చే ప్రతిరక్షకాలు తల్లిలో ఏర్పడవచ్చు.

డబ్బు తీసుకుని రక్తం ఇస్తానని ఆసుపత్రి గేటు దగ్గర పలకరించేవారిని దూరం పెట్టండి. 1996లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం రక్తం అమ్ముకునే పద్ధతి 1998 జనవరి 1 నుంచి దేశంలో నిషేధం. అవసరంలో ఉన్న మనిషి తన జబ్బులను దాచి పెడతాడన్నదే దీని వెనుక ఉన్న భయం.

దాత దొరకకపోతే, ఈ-రక్తకోశ్ పోర్టల్‌లో జిల్లా, గ్రూపు, రక్తభాగం ఎంచుకుని ఏ కేంద్రంలో ఎన్ని యూనిట్లు ఉన్నాయో చూడవచ్చు. అక్కడి సంఖ్యను చూసి బయలుదేరకుండా ఫోన్ చేసి ఖాయపరచుకోండి. రెడ్ క్రాస్ కేంద్రాలను కూడా సంప్రదించండి.

6. బ్లడ్ సెంటర్‌లో క్రాస్ మ్యాచ్ పూర్తి కానివ్వండి

క్రాస్ మ్యాచ్ అంటే ఎంపిక చేసిన బ్యాగ్‌లోని ఎర్రకణాలను మీ రోగి ప్లాస్మాతో కలిపి, గుమికూడుతున్నాయా, పగులుతున్నాయా అని చూడటం. దీనికి సుమారు 45 నిమిషాల నుంచి గంట పడుతుంది. హడావిడి చేసి ఆపించకండి. అత్యవసరంలో క్రాస్ మ్యాచ్ లేకుండా ఓ నెగటివ్ యూనిట్ విడుదల చేసే పద్ధతి ఉంది. దానికి చికిత్స చేస్తున్న వైద్యుడు రాతపూర్వకంగా కోరాలి.

"తాజా రక్తమే కావాలి" అని పట్టుబట్టేవారు చాలామంది. ఎర్రకణాలు 2 నుంచి 6 డిగ్రీల చల్లదనంలో, వాడిన ద్రావణాన్ని బట్టి 35 లేదా 42 రోజులు నిలుస్తాయి. ప్రతి యూనిట్‌కూ హెచ్‌ఐవీ, హెపటైటిస్ బి, హెపటైటిస్ సి, సిఫిలిస్, మలేరియా పరీక్షలు జరిగి తీరాలి కనుక, అప్పుడే తీసిన వెచ్చని రక్తం కోరడమంటే పరీక్ష కాని రక్తం కోరడమే.

రక్తానికి ధర లేదు. ప్రాసెసింగ్ చార్జీ మాత్రమే తీసుకోవాలని 2024 జనవరిలో కూడా కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ గుర్తు చేసింది. రసీదు తప్పక అడగండి.

7. బ్యాగ్‌ను నేరుగా వార్డుకు చేర్చండి

బ్యాగ్ తీసుకోగానే ఐస్ ప్యాక్‌లున్న పెట్టెలో పెట్టించుకుని నేరుగా వార్డుకు వెళ్లండి. ఐసు బ్యాగ్‌కు నేరుగా తగలకూడదు, గడ్డకట్టిన ఎర్రకణాలు పగిలిపోతాయి. బ్లడ్ సెంటర్ ఫ్రిజ్ నుంచి బయటికి వచ్చిన ఎర్రకణాలను 30 నిమిషాల లోపు ఎక్కించడం మొదలుపెట్టాలి. కాబట్టి రోగికి సెలైన్ సూది సిద్ధంగా ఉందో లేదో ఫోన్‌లో అడిగాకే బ్యాగ్ తీసుకోండి. ప్లేట్‌లెట్లను మాత్రం చల్లబరచకూడదు, వాటికి 20 నుంచి 24 డిగ్రీల గది వేడి కావాలి.

చేయకూడనివి: బ్యాగ్‌ను వేడినీళ్లలో ముంచడం, ఎండలో పెట్టడం, చంకలో పెట్టుకుని వెచ్చబరచడం, ఆపరేషన్ ఆలస్యమైందని వార్డులోని మందుల ఫ్రిజ్‌లోనో ఇంటి ఫ్రిజ్‌లోనో దాచడం. ఆలస్యం తప్పదని తెలిస్తే వెంటనే బ్లడ్ సెంటర్‌కు తిరిగి ఇచ్చేయండి.

8. మంచం దగ్గర బ్యాగ్‌ను సరిచూడండి

ఇద్దరు సిబ్బంది కలిసి చూడటం పద్ధతి. మీరు మూడో జత కళ్లు కండి. "సిస్టర్, ఒక్కసారి నాకూ చదివి వినిపించండి" అని మర్యాదగా అడిగితే ఎవరూ కాదనరు. సరిచూడవలసినవి ఇవి:

- బ్యాగ్‌కు కట్టిన చీటీ మీది పేరు, ఐపీ నంబరు, చేతి పట్టీ మీది పేరు, నంబరు ఒకటేనా?
- చీటీ మీది యూనిట్ నంబరు, బ్యాగ్ లేబుల్ మీది యూనిట్ నంబరు ఒకటేనా?
- బ్యాగ్ గ్రూపు, రోగి గ్రూపు 4వ దశలోని వరుసకు సరిపోతున్నాయా?
- గడువు తేదీ దాటలేదు కదా?
- బ్యాగ్ కారుతోందా, గడ్డలు కనిపిస్తున్నాయా, రంగు ఊదా లేదా నలుపుకు తిరిగిందా?

మన దేశంలో లేబుల్ రంగు కూడా గ్రూపును సూచిస్తుంది: ఓ నీలం, ఎ పసుపు, బి గులాబీ, ఏబీ తెలుపు. బి పాజిటివ్ రోగి మంచానికి పసుపు లేబుల్ వస్తే వెంటనే అడగడానికి ఇది పనికి వస్తుంది. రంగు చూసి సరే అనుకోవడానికి మాత్రం కాదు, అక్షరాలు చదివే తీరాలి. వీటిలో ఒక్కటి తేడాగా ఉన్నా ఎక్కించడం మొదలుపెట్టనివ్వకండి.

9. మొదటి 15 నిమిషాలు కదలకండి

గ్రూపు సరిపోని రక్తం వల్ల కలిగే తీవ్ర ప్రతిచర్య తరచుగా మొదటి కొద్ది మిల్లీలీటర్లలోనే బయటపడుతుంది. అందుకే మొదట నెమ్మదిగా ఎక్కిస్తారు. చలి, వణుకు, జ్వరం, నడుము నొప్పి, ఛాతీలో బిగువు, ఆయాసం, సూది ఉన్న చోట మంట, ఏదో అయిపోతోందన్న భయం, మూత్రం ఎర్రగా రావడం, వీటిలో ఏది కనిపించినా నర్సును పిలిచి ఎక్కించడం ఆపమనండి. దురద, దద్దుర్లు మాత్రమే ఉంటే అది తరచూ తేలికపాటి అలర్జీయే అయినా, నిర్ణయం వైద్యుడిదే.

ఆపిన తరువాత బ్యాగ్‌ను, గొట్టాన్ని పారేయనివ్వకండి. వాటితోపాటు రోగి కొత్త శాంపిల్‌ను, మూత్రాన్ని బ్లడ్ సెంటర్‌కు పంపితేనే కారణం తెలుస్తుంది. అదే శాంపిల్ తారుమారుతో మరో వార్డులో ఇంకో రోగికి జరగబోయే ప్రమాదాన్ని కూడా ఆ పరీక్ష ఆపగలదు.

రక్తం వెళ్తున్న గొట్టంలో మందులు, గ్లూకోజు, రింగర్ లాక్టేట్ కలపకూడదు, నార్మల్ సెలైన్ ఒక్కటే అనుమతి. ఒక యూనిట్ ఎర్రకణాలు నాలుగు గంటల లోపు పూర్తి కావాలి. పూర్తి కాకపోతే మిగిలినది వదిలేయాలి.

10. ఫలితాన్ని ఎలా తెలుసుకోవాలి?

రక్తస్రావం లేని పెద్దవారిలో ఒక యూనిట్ ఎర్రకణాలకు హీమోగ్లోబిన్ సుమారు 1 గ్రాము పెరగాలి. మరుసటి రోజు పరీక్షలో అలా పెరగకపోతే లోపల రక్తస్రావం ఉందా, ఎక్కించిన కణాలు పగిలిపోతున్నాయా అని వైద్యుడిని అడగండి.

యంత్రం ద్వారా ఒకే దాత నుంచి తీసిన ఎస్‌డీపీ ప్లేట్‌లెట్లు ఒక యూనిట్‌కు 30,000 నుంచి 60,000 వరకు, మామూలు యూనిట్ 5,000 నుంచి 10,000 వరకు సంఖ్యను పెంచుతాయి. డెంగీ కాలంలో అంకె 50,000కు దిగిందని దాతల కోసం పరుగులు తీయనవసరం లేదు. రక్తస్రావం లేనప్పుడు సంఖ్య 10,000 కంటే దిగువకు పడితేనే సాధారణంగా ఎక్కించడం గురించి ఆలోచిస్తారు.

ఇంటికి వచ్చాక రెండు వారాలు కళ్లు, మూత్రం రంగు గమనించండి. పచ్చకామెర్లు, ముదురు మూత్రం, మళ్లీ నీరసం వస్తే ఆలస్యంగా వచ్చిన ప్రతిచర్య కావచ్చు. "రక్తం ఎక్కించి పది రోజులైంది కదా, దీనికీ దానికీ సంబంధం ఏమిటి" అనుకుని ఆగకండి, రక్తం ఎక్కించిన తేదీ చెప్పి పరీక్ష చేయించండి.

నెగటివ్ గ్రూపు గర్భిణులకు, తరచూ రక్తం ఎక్కించుకునే పిల్లలకు

మీది నెగటివ్ అయి భర్తది పాజిటివ్ అయితే మొదటి పరీక్షలోనే ప్రతిరక్షకాల పరీక్ష అడగండి. ప్రతిరక్షకాలు లేకపోతే 28వ వారంలోనూ, బిడ్డ పాజిటివ్ అయితే కాన్పు తరువాత 72 గంటల లోపూ, తల్లిలో ఆ ప్రతిరక్షకాలు ఏర్పడకుండా ఆపే యాంటీ-డి ఇంజెక్షన్ ఇస్తారు. గర్భస్రావం జరిగినా దీనిని మరవకూడదు. మన దేశంలో నెగటివ్ వారు నూటికి సుమారు ఐదుగురే కనుక కాన్పు తేదీకి నెల ముందే బ్లడ్ సెంటర్‌కు చెప్పి ఉంచండి.

తలసీమియా, సికిల్ సెల్ ఉన్న పిల్లలకు మొదటి యూనిట్ ఎక్కించక ముందే ఎబిఓ, డి మాత్రమే కాక మిగిలిన ఆర్‌హెచ్, కెల్ ప్రతిజనకాల పరీక్ష కూడా చేయించి, ఆ రిపోర్టును జీవితాంతం భద్రపరచండి. ఒకసారి ఇతరుల రక్తం ఎక్కాక అదే పరీక్ష చేయడం కష్టమవుతుంది. ప్రభుత్వ కేంద్రాలలో ఈ పిల్లలకు రక్తం ఉచితం. ప్రతిసారీ ఎక్కించిన తేదీ, యూనిట్ నంబరు, వచ్చిన ఇబ్బంది ఒక పుస్తకంలో రాసి, ఆసుపత్రి మారినప్పుడు మొదట ఆ పుస్తకాన్నే చూపించండి.